మాటకత్తెమ్మ కొండ మీద కత్తి

ఈ కథ నాటికి మద్దమ్మకు ముప్పై నాలుగేళ్ళు. కొలిమి తిత్తి ఊదేటప్పుడు తనలో తాను మాట్లాడుకోవడం ఆమె అలవాటు.

ఆ అలవాటు వల్లనే ఈ కొండకు మాటకత్తె కొండ అనీ, కొండ మీది తల్లికి మాటకత్తెమ్మ అనీ పేర్లు వచ్చాయి. గుండ్లవంక ఊరు దాటి, రాళ్ళ దారిలో పైకి వచ్చిన యాత్రికులకు ఇక్కడ గాలిగోపురం కనిపించదు. కనిపించేది గాలితిత్తి. మేకతోలుతో కుట్టిన పెద్ద తిత్తి ఒకటి గుడి వాకిట్లోనే ఉంటుంది. దాన్ని ఒకసారి ఊది, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట ఒకటి పైకి అనేసి లోపలికి అడుగు పెట్టాలి. లోపల నల్లటి బండలో సగం దాకా దిగిన కత్తి ఉంది. దాని పిడి మీద వేలు పెడితే చీమలు పాకినట్టు సన్నగా అదురుతుంది. వేసవిలో అదురుతుంది, వానల్లో అదురుతుంది, గుడి తలుపులు మూసి ఉన్నప్పుడు కూడా అదురుతూనే ఉంటుందని పూజ చేసే ఆడవాళ్ళు చెబుతారు.

కత్తి పక్కన ఉన్న రాతి విగ్రహాన్ని చూసి కొత్తవాళ్ళు కొంచెం జంకుతారు. చాలా గుళ్ళలో తల్లులు పెదవులు మూసి చిరునవ్వుతో ఉంటారు. ఈ తల్లి నోరు తెరిచి ఉంటుంది. శిల్పి మొదట మూసిన నోటితోనే చెక్కాడట. తెల్లవారేసరికి తెరుచుకునేదట. మళ్ళీ సరిచేస్తే మళ్ళీ తెరుచుకునేదట. చివరికి విసుగెత్తి, కూలి తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపు పక్కన "లోపల నిశ్శబ్దం పాటించరాదు" అని బోర్డు ఉంటుంది. దాన్ని తప్పుగా రాశారనుకుని దేవస్థానం వారికి చెప్పేవాళ్ళు ఏటా కొందరు ఉంటారు. అది తప్పు కాదు.

మనసు కుదుటపడుతుందేమోనని ఇక్కడికి వచ్చేవారికి ఒక మాట ముందే చెప్పడం మంచిది. ఈ గుడిలో అది దొరకదు. ఎందుకు దొరకదో కింది కథ చెబుతుంది.

పూర్వం ఇక్కడ గుండ్లవంక పాలెం ఉండేది. దేవప్పనాయుడు దానికి పాలెగాడు. కోట చిన్నది, మీసం పెద్దది. ఆ కోటకు కత్తులు, బల్లేలు చేసిపెట్టే కమ్మరి మౌనాచారి మద్దమ్మ మొగుడు. పేరు తనది అయినా దాన్ని పాటించవలసింది పెళ్ళామేనని ఆయనకు గట్టి నమ్మకం. ఇనుము పెట్టి కొట్టే దాగలి దగ్గర ఆయన సమ్మెట వేసేవాడు. కొలిమి దగ్గర ఆమె తిత్తి ఊదేది, ఊదుతూ మాట్లాడేది. సంగటి మాడిన సంగతి, బొగ్గులు తడిసిన సంగతి, పుట్టింటి నుంచి కబురు రాని సంగతి. వినేవాళ్ళు లేరు గనక నిప్పుతో చెప్పుకునేది.

"ఇంత మాటకత్తెను ఎవురు అంటగట్టిరో నాకు" అని మౌనాచారి వచ్చేపోయేవాళ్ళ ముందు నవ్వేవాడు. వచ్చేపోయేవాళ్ళూ నవ్వేవారు. వాళ్ళు పోయాక పట్టకారుతో వీపు మీద ఒకటి పడేది.

అప్పుడామె అనే మాట ఒకటే. "నేనేం చేస్తి?"

ఆ మాట ఆయనతో అనేది కాదు. నిప్పు వైపు తిరిగి అనేది. అని, పొద్దుటి నుంచి తాను చేసినవన్నీ ఒక్కొక్కటీ తిరగేసుకునేది. వెదికితే ఏదో ఒకటి దొరికేది. ఉప్పు ఎక్కువయింది. తలుపు తీయడం ఆలస్యమయింది. పక్కింటి ఆమెతో నిలబడి మాట్లాడింది. దొరికాక కొంచెం స్థిమితపడేది. కారణం తెలిసిన దెబ్బ కొంచెం తక్కువ నొప్పి పెడుతుందని ఆమెకు అనుభవం. దెబ్బ పడని రోజు కూడా ఆ మాట నోట్లో నానుతూనే ఉండేది.

ఒక వేసవిలో వాన లేకుండా ఉరిమింది. పట్టపగలు కొండ మీద ఏదో పడింది. మేకల లింగన్న తన మంద ఒకచోట మేత మానేసి గుండ్రంగా నిలబడి ఉండడం చూసి దగ్గరికి పోయాడు. మధ్యలో గుమ్మడికాయంత నల్ల ముద్ద ఉంది. చెయ్యి పెడితే అప్పుడే పుట్టిన మేకపిల్ల లాగా వణుకుతోంది. దాన్ని కంబళిలో చుట్టి కోటకు తెచ్చి దొరకు ఇచ్చాడు. ఆనాడే దొరకు కలలో అమ్మవారు కనబడి, "ఆ ఇనుముతో కత్తి చేయించు. అది నీకు ధర్మం నేర్పుతుంది" అని చెప్పిందట. ఆ కలలో దొర తప్ప ఇంకెవరూ లేరు గనక ఆయన చెప్పినదే మనం నమ్మాలి. నేర్చుకోవాలన్న మాట ఆయన చెవికి ఎక్కలేదు. ధర్మం చెప్పే కత్తి తనదవుతుందన్న మాట మాత్రం ఎక్కింది.

ఇనుము మౌనాచారి కొలిమికి వచ్చింది. ఎంత ఊదినా అది ఎర్రబడలేదు. దొర పని గదా, ఈ ఒక్క పనికైనా కొలిమి దగ్గర శుచిగా ఉండాలని ఆయన మద్దమ్మ నోటికి గుడ్డ కట్టించాడు. బస్తాల కొద్దీ బొగ్గు బూడిదయింది. నల్ల ముద్ద నల్లగానే కూర్చుంది. వణుకు మాత్రం ఎక్కువయింది, దాగలి మీది సుత్తులన్నీ టకటకలాడేంతగా. పొగకు ఉక్కిరిబిక్కిరై మద్దమ్మ గుడ్డ లాగేసి, "నీకేమొచ్చిందే తల్లీ, కరగవేమి? ఈయప్ప కోపమంతా నా మీదికి రావల్లనా?" అంది.

ముద్ద అంచు ఎర్రబడింది.

మౌనాచారి చూశాడు. ఆమె చూసి నోరు మూసుకుంది. ఎరుపు పోయింది.

"ఇంగోసారి అను" అన్నాడు ఆయన.

"ఏమనల్ల?"

"ఏందో ఒకటి. రోజంతా వాగుతావు గదమ్మే, ఇప్పుడేమొచ్చె నీ నోటికి? మాట్లాడు! నీ నోరు పడిపోను, మాట్లాడు!"

అలా ఆమె జీవితంలో మొదటిసారి మొగుడు మాట్లాడమన్నాడు. ఆమె ఊదుతూ మాట్లాడింది. పెళ్ళినాటి నుంచి మొదలుపెట్టింది. చచ్చిపోయిన బిడ్డ దగ్గర కొంచెంసేపు ఆగింది. ఆగితే ఇనుము చల్లబడుతోందని ఆయన అరిస్తే మళ్ళీ అందుకుంది. ఆయన సమ్మెట వేస్తూనే ఉన్నాడు. ఆయన మీద ఆమె చెబుతున్నవన్నీ ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి గానీ, ఇనుము సాగుతున్న ఆనందంలో అవేవీ ఆయనకు వినబడలేదు. మాటిమాటికీ ఒక్క మాట తిరిగి తిరిగి వచ్చేది. నేనేం చేస్తి, నేనేం చేస్తి. ఇనుము ఆ మాటను తాగినట్టు తాగింది.

కత్తి తయారై, నీళ్ళ తొట్టిలో ముంచగానే బుస్సుమంది. ఆవిరి తగ్గాక తొట్టిలోంచి ఆడగొంతు వినబడింది.

"ఏం చేసె?"

మౌనాచారి రెండడుగులు వెనక్కి వేశాడు. మద్దమ్మ కదల్లేదు. ఆ గొంతు తనదే.

కోటలో ఆ కత్తికి దక్కిన గౌరవం చెప్పనలవి కాదు. దొర ఎవరినైనా శిక్షించాలని పిడి పట్టుకుంటే చాలు, "ఏం చేసినాడు?" అని అడిగేది. జవాబు చెప్పాలి. అబద్ధం చెబితే ఒర విడిచి వచ్చేది కాదు, ఎంతమంది లాగినా. నిజం చెబితే తానై జారి చేతిలోకి వచ్చేది. గొర్రెను దొంగిలించాడని ఒక గొల్లవాణ్ణి తెచ్చారు. కత్తి రాలేదు. గొర్రె మంద వెనకాల ముళ్ళకంపలో దొరికింది. ఇలాంటివి కొన్ని జరిగాక చుట్టుపక్కల పాలేల నుంచి జనం వచ్చి చూసిపోసాగారు. ఆస్థానంలోని పండితులు దానికి ధర్మఖడ్గమని పేరు పెట్టారు. ఊళ్ళో జనం, దాని గొంతు ఎవరిదో ఎరిగినవాళ్ళు గనక, మాటకత్తి అన్నారు. మాటకత్తె చేసిన మాటకత్తి.

మద్దమ్మ బావికి పోతే ఆడవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. "మనమెవురమూ కొలువులో అడుగు పెట్టింది లేదు, నీ గొంతు మాత్రం రోజూ పోతావుంది మద్దక్కా" అనేవారు. ఆమెకు గర్వంగానే ఉండేది. దాచుకోవడమెందుకు, చాలా గర్వంగా ఉండేది. దొరను, దొర బంట్లను తన గొంతు నిలదీస్తోంది.

కానీ కత్తికి కుదురు లేదు. ఒరలో పెడితే గిలగిల కొట్టుకునేది. గోడకు తగిలిస్తే గోడ సున్నం రాలేది. దొరకు నిద్ర పట్టేది కాదు. కోటలో పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవారు. కత్తికి బయటికి రావడమంటే ఇష్టమని ముందుగా కనిపెట్టింది దొర బంట్లు. దానికి కావలసింది ఒక కారణం. ఆ కారణం నిజమైతే చాలు. అది పెద్దదా చిన్నదా అని కత్తి అడగదు.

అప్పటి నుంచి కారణాలు చిన్నవవుతూ వచ్చాయి.

"ఏం చేసింది?" "మొగుడు పిలిస్తే పలకలేదు." నిజమే, పలకలేదు. కత్తి వచ్చింది, జడ తెగింది. "ఏం చేసింది?" "అడగకుండా పుట్టింటికి పోయింది." నిజమే, పోయింది. "ఏం చేసింది?" "ఎదురు చెప్పింది." అదీ నిజమే. మగవాళ్ళ మీద నేరాలు రుజువు కావడం కష్టమయింది, ఎందుకంటే వాళ్ళ మీద చెప్పేవి పెద్దవి, వాటిలో సగం అబద్ధాలు. ఆడవాళ్ళ మీద చెప్పేవి అన్నీ చిన్నవి, అన్నీ నిజాలు. కొలువుకు ఆడవాళ్ళే ఎక్కువగా రాసాగారు. ఆడవాళ్ళకు కొలువు ప్రవేశం ఆ విధంగా దొరికింది.

పుల్లక్క కోటకు నీళ్ళు మోసే మనిషి. ఒకరోజు దొర గుర్రం ఎక్కబోయి, మీసం సవరించుకుంటూ, అవతలి పక్కకు జారి పేడలో పడ్డాడు. పుల్లక్క నవ్వింది.

"ఏం చేసింది?" అని మద్దమ్మ గొంతు అడిగింది.

"నవ్వింది" అన్నారు.

కత్తి వచ్చింది. పుల్లక్క ముక్కు పోయింది.

ఆ తరువాత బావి దగ్గర ఆడవాళ్ళు మద్దమ్మను చూసి దారి ఇవ్వడం మానేశారు. ఆమె వస్తే కడవలెత్తుకుని వెళ్ళిపోయేవారు. మద్దమ్మ పసుపు, ఆముదం తీసుకుని పుల్లక్క గుడిసెకు పోయింది. గుమ్మంలోనే నిలబడింది.

"రా మద్దక్కా" అంది పుల్లక్క, మొహానికి కట్టిన గుడ్డలోంచి. "కత్తివి నువ్వు గాదులే. గొంతు మాత్రం నీదే."

మద్దమ్మ కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది.

"నేను నవ్వింది నిజమే" అంది పుల్లక్క. "నా మీద ఎవురూ అబద్ధం చెప్పలే. అదే నాకు మండుతాది. అబద్ధం చెప్పింటే నేను అరుద్దును. ఏం చేసినావని అడిగినాక, ఏమీ చేయలేదని ఎట్ల చెబుదు? ఏదో ఒకటి చేసే ఉంటాం గదా, బతికుండాం గనక."

"దాన్ని నేనేమీ అట్ల నేర్పలేదు పుల్లీ."

"మరి యాడ నేర్చుకున్యాది?"

ఆ ప్రశ్న మద్దమ్మ వెంట ఇంటికి వచ్చింది. ఆమెకు కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే పోవాలనిపించింది, పోవడానికి చోటు లేదు. సంగటి కెలుకుతూ కెలుకుతూ మధ్యలో వదిలేసి వాకిట్లోకి పోయింది. సంగటి మాడింది. మౌనాచారి చెయ్యి లేచింది. దెబ్బ పడగానే నోరు తన పని తాను చేసింది. "నేనేం చేస్తి?" వెంటనే మనసు వెదకడం మొదలుపెట్టింది, సంగటి మాడ్చాను గదా అని జవాబు కూడా తెచ్చి పెట్టింది. స్థిమితం వచ్చింది. ఆ స్థిమితం వచ్చిన క్షణాన్ని ఆమె మొదటిసారి గమనించింది. ఒర విడిచి జారుతున్న కత్తి కూడా ఇలాగే ఉంటుందని తోచింది.

ముక్కు ఎముక తగిలి కత్తి మొన వంకర పోయిందని, సరిచేయమని కోట నుంచి పంపించారు. మౌనాచారి బొగ్గుల కోసం పోయిన వేళ ఆమె దాన్ని ఒర నుంచి విడిపించి కొలిమి ముందు పెట్టుకుంది. అది ఆమెను గుర్తు పట్టి చల్లబడింది.

"అమ్మా" అంది కత్తి. ఆమె గొంతుతోనే పిలిచింది. తనను తాను పిలుచుకున్నట్టుంది.

"పుల్లక్క నీకేం చేసిందే?"

"నవ్వింది."

"నవ్వితే?"

"నవ్వింది నిజమే గదా. నువ్వూ అట్లనే గదా. దెబ్బ పడితే ఏం చేస్తినని అడుగుతావు. కారణం దొరికితే నెమ్మదిస్తావు. నాకు వచ్చింది నీ మాటే. ఇంగేమీ రాదు."

మద్దమ్మ చాలాసేపు తిత్తి ఊదింది, నిప్పు అవసరం లేకపోయినా.

"ఇంగో మాట నేర్చుకో" అంది చివరికి.

"ఏ మాట? చెప్పు."

చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు. ఊదుతూ వెదికింది. "ఎందుకు?" అని చూసింది. ఎందుకంటే కారణం చెబుతారు, అది మళ్ళీ అదే. "పాపం గదా?" అని చూసింది. పాపమంటే బతిమాలినట్టుంది. "వద్దు" అని చూసింది. దొర చేతిలోని కత్తి వద్దంటే వింటాడా? ఒక్కొక్క మాటా నిప్పులో వేసి చూసింది. ఏదీ నిలవలేదు. ఇంతలో వాకిట్లో అడుగుల చప్పుడయింది. మౌనాచారి బొగ్గు బస్తా కింద పెట్టి వింటున్నాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు. కత్తిని ఆమె చేతిలోంచి లాక్కుని, ఒరలో దూర్చి, ఒక్క మాట అనకుండా కోట దారి పట్టాడు. తన పేరును ఆయన పాటించింది ఆ ఒక్కసారే.

ధర్మఖడ్గానికి మందు పెడుతోందని ఫిర్యాదు. అదే కత్తితో మద్దమ్మ నాలుక కోయాలని తీర్పు. పాలెంలోని ఆడవాళ్ళందరూ వచ్చి చూసి బుద్ధి తెచ్చుకోవాలని దండోరా వేయించారు. అందువల్ల మరునాడు పొద్దున కొండ మీది బండ దగ్గర, అంటే ఇప్పుడు గర్భగుడి ఉన్న చోట, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువగా ఉన్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని పుల్లక్క కూడా వచ్చింది.

మద్దమ్మను బండ ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఆమెకు చావు భయం లేదు. తిత్తి ముందు కూర్చుని నోరు కదలక, బతికినన్నాళ్ళూ ఒట్టి గాలి ఊదడం ఎలా ఉంటుందో అని ఆమె భయం. కత్తి ఏమైనా నేర్చుకుని ఉంటుందన్న ఆశ కూడా లేదు. ఏం నేర్పింది గనక?

దొర పిడి పట్టుకున్నాడు. కత్తి గలగలలాడింది.

"ఏం చేసింది?" అని అడిగింది. పాత మాటే.

"చెప్పు ఆచారీ" అన్నాడు దొర.

"మాట్లాడింది సామీ" అన్నాడు మౌనాచారి.

నిజమే. ఇంతకంటే నిజం ఆ పాలెంలో ఎవరూ ఎన్నడూ చెప్పి ఉండరు. కత్తి ఒరలోంచి జారడం మొదలుపెట్టింది. సగం వచ్చింది.

మద్దమ్మ నోట్లోకి మాట వచ్చేసింది. నేనేం చేస్తి. నాలుక కొన దాకా వచ్చింది. మనసు అప్పుడే వెదుకులాట మొదలుపెట్టింది, కత్తితో మాట్లాడకుండా ఉండవలసింది, వాకిలి చూసుకోవలసింది అంటూ. ఆమె పళ్ళు బిగించి ఆ మాటను మింగింది. తల దించుకుంటే తన చేతులే కనబడతాయని తల ఎత్తింది. ఇన్నేళ్ళుగా దెబ్బ పడిన ప్రతిసారీ ఆమె తన చేతుల వైపే చూసుకుంది, అవి ఏం చేశాయోనని. ఇప్పుడు పిడి మీద ఉన్న చేతిని చూసింది. లావుపాటి చెయ్యి. వేలికి ఉంగరం. గోళ్ళలో మురికి. చెమట పట్టి ఉంది. ఎవరి చెయ్యి ఇది?

"నువ్వెవురు?" అంది.

దొరను నువ్వు అంది.

"ఏమంటివి?"

"కోసేదానికి నువ్వెవురు అంటాండా."

కత్తి జారడం ఆగింది. ఒకసారి వణికింది. తరువాత అదే గొంతుతో, దొర చేతిలోంచి, దొర మొహం మీదే అడిగింది. "నువ్వెవురు?"

దొర నవ్వబోయాడు. "నేనా? గుండ్లవంక పాలెగాణ్ణి!"

"అది నీ కొలువు. నువ్వెవురు?"

"కోనప్పనాయని కొడుకును!"

"అది మీ నాయన పేరు. నువ్వెవురు?"

"ఈ కత్తికి దొరను నేను!"

"నేనడిగేది నిన్నే. నువ్వెవురు?"

ఒక్కొక్క జవాబుకూ కత్తి బరువెక్కింది. చెప్పినవన్నీ నిజాలే గనక అది ఒరలోకి వెనక్కి పోలేదు. అడిగినదానికి అవేవీ జవాబు కావు గనక పైకీ లేవలేదు. ఒరను చీల్చుకుని కిందికి పోయింది. దొర చెయ్యి దాంతో పాటు వంగింది, భుజం వంగింది, నడుం వంగింది. మోకాళ్ళు బండకు తగిలాక పిడి వదిలేశాడు. కత్తి వెన్నలో దిగినట్టు బండలో దిగింది, సగం దాకా.

"ఇంగో కత్తి తెండ్రా!" అని దొర అరిచాడు. బంట్లు తమ తమ ఒరల మీద చేతులు వేశారు. ఏ కత్తీ రాలేదు. ఆ కోటలోని ప్రతి ఆయుధమూ మద్దమ్మ ఊదిన నిప్పులోనే పుట్టింది. ఇంతకాలం నోరు లేనివని అందరూ అనుకున్నవి ఒక్కొక్క ఒరలోంచీ గొణగడం మొదలుపెట్టాయి. బంట్లు చేతులు తీసేశారు, ఏదో కుట్టినట్టు.

అప్పుడు మౌనాచారి ముందుకు వచ్చాడు. కత్తిని చేసినవాణ్ణి తానే గనక తన మాట వింటుందని ఆయన ధైర్యం. రెండు చేతులతో పిడి పట్టుకుని, మద్దమ్మ వైపు తల ఊపి, "నేను దాని మొగుణ్ణి!" అన్నాడు, అడగకముందే.

కత్తి కొంచెం ఆలోచించింది.

"అయితే?" అంది.

మౌనాచారి నోరు తెరిచాడు. జవాబు కోసం దొర వైపు చూశాడు. దొర వేరే వైపు చూశాడు. ఆడవాళ్ళ గుంపులోంచి నవ్వు వినబడింది. ముక్కు లేని నవ్వు, గుడ్డ చాటు నుంచి ఈల వేసినట్టుగా వచ్చింది. పుల్లక్క ఆపుకోలేదు. ఆమె పక్కనున్నామె నవ్వింది, తరువాత జడ తెగినామె నవ్వింది, తరువాత ఎవరు మొదలుపెట్టారో ఎవరు ఆపాలో తెలియలేదు. బండ అదిరింది. ఈ కొండ రాళ్ళలో కనబడే పగుళ్ళు ఆ నాటివేనని చెబుతారు.

దేవప్పనాయుడు ఆ తరువాత కొన్నేళ్ళు పాలించాడు గానీ ఎవరి మీదా కత్తి ఎత్తలేదు. ఎత్తడానికి రాలేదు. ఆయన మనవడి కాలంలో బండ చుట్టూ ఈ గుడి కట్టించారు. కట్టించినవారు పెట్టిన పేరు ధర్మఖడ్గేశ్వరి. ఆ పేరుతో ఒక్కరు కూడా మొక్కుకోలేదు. మగవాళ్ళు తిట్టుగా అన్న పేరే తల్లికి నిలిచింది.

ఈ చిన్న పుస్తకం పాత ముద్రణల్లో కత్తిని చేసినవాడు మౌనాచారి అని మాత్రమే ఉండేది. మద్దమ్మ పేరు లేదు. తరువాతి ముద్రణల్లో ఆమె అమ్మవారి అంశ అని రాశారు. అంశ అయితే పట్టకారు దెబ్బలు తగలవు. ఆమెకు తగిలాయి. అందుకని ఈసారి జరిగినట్టుగా పెద్దలు చెప్పుకునే కథనే అచ్చు వేయడమైనది.

ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక ఆచారం నేటికీ ఉంది. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి మీద చెయ్యి లేచిందని తెలిస్తే, "ఏం చేసింది?" అని ఎవరూ అడగకూడదు. పొరపాటున నోరు జారినవాళ్ళు కొండకు వచ్చి, తిత్తి ఊది, చెంపలు వేసుకుని పోవాలి. అడిగింది అత్తగారైనా అంతే, పోలీసు అయినా అంతే. చెయ్యి ఎత్తినవాణ్ణి మాత్రం పైకి తీసుకువచ్చి పిడి పట్టిస్తారు. కత్తి ఏమడిగేదీ పట్టుకున్నవాడికే వినబడుతుంది. కొందరు వెంటనే వదిలేస్తారు. కొందరు గట్టిగా ఏవో జవాబులు చెబుతూ చాలాసేపు నిలబడతారు, వాకిట్లో ఉన్నవాళ్ళు వింటూనే ఉంటారు. సరైన జవాబు చెప్పి దాన్ని పైకి లాగినవాడు ఇంతవరకూ లేడు.

కాపురం చక్కబడుతుందనీ, మొగుడు మారతాడనీ ఈ తల్లి వరమివ్వదు. అలాంటి వరాలిచ్చే గుళ్ళు వేరే చాలా ఉన్నాయి. ఇక్కడ తిత్తి ఊది వెళ్ళినవారికి దారిలోనే కాళ్ళలో ఒక తొందర మొదలవుతుంది. ఇంటికి పోయాక కూర్చోబుద్ధి కాదు. నోట్లో ఇన్నాళ్ళూ నానిన పాత మాట చేదెక్కుతుంది. అదే ఈ తల్లి ప్రసాదమని పూజ చేసే ఆడవాళ్ళు చెబుతారు. వాళ్ళు దాన్ని చేతిలో పెట్టరు, చెవిలో చెబుతారు.

గుడి కట్టేనాటికి మద్దమ్మ బతికే ఉంది. ప్రతిష్ఠకు పల్లకీ పంపారు. ఆమె రాలేదు. కత్తి బండలో దిగిన ఆ పొద్దున ఆమె అక్కడి నుంచి ఇంటికి పోలేదు. పుల్లక్కతో కలిసి వంక దాటి అవతలి ఊరిలో సొంత కొలిమి పెట్టుకుంది. పుల్లక్క తిత్తి ఊదేది, మద్దమ్మ సమ్మెట వేసేది. చచ్చేదాకా కొడవళ్ళు చేసింది, కత్తి మళ్ళీ చేయలేదు.